జట్టు సాంగత్యము – బాలక్రీడాకారుల వికాసము

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మన మహాసభలలో విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు, విద్యార్థుల వసతిని గూర్చియు ఉపన్యాసములు జరుగుట పరిపాటి. ఈ యేడు కార్యదర్శిగారు నన్ను ఆటలను గూర్చి మాటలాడుమని కోరగా కొందఱు పెద్దలు చిఱునవ్వు నవ్విరి. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన పంతులునకు బంతియాటతో నేమి పని యని వారి భావము కాబోలు. కాని కార్యదర్శిగారి కోరికకు కారణము కలదు. మన వసతిగృహపు ఖాళీస్థలమున బాస్కెట్‌బాలు ఆవరణమును నిర్మించి దానిని మన బాలురకే కేటాయింపవలెనని యొక తీర్మానమును, ఏటేట ఉత్తమ క్రీడాకారుడైన బాలునకు స్వర్ణపతక మొసగవలెనని మఱియొక తీర్మానమును రేపు మీ యెదుటికి రానున్నవి. ధనమిచ్చు దాతలు మీరు. పిల్లల నిచ్చు తల్లిదండ్రులును మీరే. కనుక బాలుడు ఆటయం దెట్లు ఎదుగునో, ఎచ్చట ఎండిపోవునో విచారించిన పిమ్మట ఆ తీర్మానములను చేపట్టుట మేలు.

నేను చెప్పదలచిన దొక్కటే. బాలుని యెత్తును, వేగమును, చేతి నేర్పును పుట్టుకయు అభ్యాసమును ఇచ్చును. కాని ఆ గుణములు పండునా, పండవా యనునది వాడు ఏ జట్టున చేరెనో దానినిబట్టి యుండును. నీటిబొట్టు పడినచోటునుబట్టి దాని గతి మాఱునని భర్తృహరి చెప్పిన దృష్టాంతము మీకు పరిచితమే. ఆ మాట కావ్యమునకే కాక క్రీడాస్థలమునకును చెల్లునని నేను నిరూపింప యత్నించెదను.

ముందుగా ఈ క్రీడ పుట్టుక వినుడు. 1891 డిసెంబరు నెలలో అమెరికాదేశమందలి మసాచుసెట్స్ రాష్ట్రమున, స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణములోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలయందు జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. ఆయన కెనడాదేశీయుడు. శీతకాలమున వెలుపల ఆడుటకు వీలులేక, లోపల కసరత్తు చేయుటకు విసుగుపుట్టి, అల్లరిచేయుచున్న పదునెనిమిదిమంది విద్యార్థుల తరగతి ఆయనకు అప్పగింపబడెను. ఆయనకు పూర్వము ఇద్దఱు ఉపాధ్యాయులు ఆ తరగతిని కుదుర్చలేక విడిచిరి. నైస్మిత్ వ్యాయామశాల మేడవసారాకు 10 అడుగుల యెత్తున పండ్లబుట్టలు రెండు కట్టించి, 13 నియమములు వ్రాసి గోడకంటించి, ఒక్కొక్క పక్షమున తొమ్మండుగురను నిలిపి ఆడించెను. నేడు ఆవరణములో ఒక్కొక్క పక్షమున ఆడువారు అయిదుగురు మాత్రమే.

ఆ నియమములలో ఒకటి చాల ముఖ్యమైనది. బంతిని పట్టుకొన్నవాడు దానితో పరుగెత్తరాదు. పట్టిన చోటినుండియే మఱియొకని కందింపవలెను. తరువాతి కాలమున బంతిని నేలకు కొట్టుచు ముందునకు సాగుట అంగీకరింపబడినది గాని, చేతబట్టుకొని పరుగిడుట నేటికిని దోషమే. అనగా ఒక్కడే గొప్పవాడగుటకు వీలులేని నియమముతో ఈ యాట పుట్టినది. కుదురులేని తరగతిని కుదుర్చుటకు ఒక ఉపాధ్యాయుడు కనిపెట్టిన యుపాయ మిది. దీనిని ఆటగా మాత్రమే కాక పాఠముగా కూడ చూడవలెనని నేననుట అందువలననే.

ఈ క్రీడ మన ప్రాంతమునకు క్రొత్తదియు కాదు. 1920లో హెచ్. సి. బక్ అను నాయన మద్రాసునందు వై.ఎం.సి.ఏ. వ్యాయామవిద్యా కళాశాలను స్థాపించెను. దక్షిణదేశపు పాఠశాలలకు శిక్షణపొందిన వ్యాయామోపాధ్యాయులు లభించుటకు ఆ కళాశాల గొప్ప ఆధారమైనది. ఆవరణము చిన్నదైనను చాలును. ఒక్క బంతితో పదిమంది ఆడుదురు. బీదపాఠశాలకు తగిన యాట.

ఇక జట్టు బాలుని ఎట్లు తీర్చునో చూతము. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రమున బాల్టిమోరు నగరము కలదు. దాని తూర్పుభాగమున బీదల పేటల నడుమ పాల్ లారెన్స్ డన్‌బార్ అను నల్లజాతి కవి పేరిట నొక ఉన్నత పాఠశాల యున్నది. ఆ పాఠశాల క్రీడాజట్టులకు 'కవులు' అని పేరు. సాహిత్యమునందు అభిమానముగల మనకు ఇది వినసొంపైన మాటయే. 1982-83వ సంవత్సరమున ఆ పాఠశాల బాస్కెట్‌బాలు జట్టు 31 ఆటలాడి, 31 ఆటలును గెలిచెను. బాబ్ వేడ్ వారి శిక్షకుడు. ఆయన రెండు చేతులయందును ఇటుకలు పట్టించి బాలురచే రక్షణాభ్యాసము చేయించెడివాడు. చేతులు క్రిందికి జాఱరాదు, కాళ్లు నిలిచిపోరాదు. అది అందఱకును సమానమైన నియమము.

ఆ జట్టులో టైరోన్ బోగ్స్ అను బాలుడుండెను. పూర్తిగా ఎదిగిన పిమ్మటను వాని యెత్తు 5 అడుగుల 3 అంగుళములే. పొడవరులకే యని లోకము తలచు క్రీడలో వానిని చూచి నవ్వనివారు లేరు. కాని వాని జట్టువారు నవ్వలేదు. నేలకు దగ్గఱగా నుండి ఎదిరి చేతిలోని బంతిని తన్నుకొనిపోవు వాని నేర్పును జట్టు తన ఆయుధముగా చేసికొనెను. ఆ బాలుడు తరువాత అమెరికా వృత్తిక్రీడా సంఘమైన ఎన్.బి.ఏ. లో 1987 మొదలు 14 సంవత్సరములు ఆడెను. ఆ సంఘమున ఆడినవారందఱిలోను అతడే అతిహ్రస్వుడు.

అంతకంటె విచిత్రమైనది రెజీ లూయిస్ కథ. ఇతడును ఆ జట్టువాడే. ఆట ప్రారంభమున నిలుచు అయిదుగురిలో ఇతనికి చోటులేదు. బెంచిపై కూర్చుండి, పిలిచినపుడు లేచి ఆడువాడు. ఏ తండ్రియైనను 'మావాడు ఆఱవవాడా?' యని కోపగించి పాఠశాల మార్పింపవచ్చును. కాని ఆలోచింపుడు. ఆ ఆఱవవానికి ప్రతిదినము అభ్యాసమున ఎదురునిలిచినవా రెవరు? దేశమంతటిలో శ్రేష్ఠులని పేరుపొందిన అయిదుగురు. మఱియొక చోట మొదటివాడై యుండినచో అట్టి యెదిరింపు వానికి లభించునా? 1987లో ఎన్.బి.ఏ. వారు క్రొత్త క్రీడాకారుల నెన్నుకొన్నపుడు, డన్‌బార్ జట్టున కలసి ఆడిన ముగ్గురు, అనగా రెజీ విలియమ్స్, బోగ్స్, లూయిస్, మొదటి విడతయందే ఎన్నుకొనబడిరి. బెంచిపై కూర్చుండిన లూయిస్ బోస్టన్ జట్టునకు నాయకుడు కూడ అయ్యెను. 1993లో హృద్రోగమున అకాలమరణము పొందకున్న ఇంకెంతవాడగునో!

ఈ వృత్తాంతమున గ్రహింపవలసినది ఇది. మంచి జట్టులో బెంచి శిక్షాస్థానము కాదు. అది పాఠశాలలోని యొక తరగతి. అచ్చట కూర్చున్నవానికి రేపు తనకును పిలుపు వచ్చునను నమ్మకముండవలెను; అభ్యాసమున వానికి ఇతరులతో సమానమైన శ్రమయు, సమానమైన శిక్షణయు లభింపవలెను. ఆ రెండును లేనిచో ఆ బెంచియే బాలుని ఉత్సాహమును చంపును.

మైకేల్ జోర్డాన్ పేరు విననివా రుండరు. ఆయనను చిన్ననాడు పాఠశాల జట్టునుండి వెళ్లగొట్టిరని యొక కథ లోకమున వ్యాపించినది. నిజమట్లు కాదు. 1978లో, విల్మింగ్‌టన్ పట్టణపు లేనీ ఉన్నత పాఠశాలయందు, పెద్దజట్టులోనికి తీసికొనక ఆయనను చిన్నజట్టులో ఉంచిరి. అవమానము కలిగినమాట నిజమే. కాని పెద్దల వెనుక కూర్చుండుటకు మాఱుగా, ఆ చిన్నజట్టులో ఆయనకు ప్రతి ఆటయందును ఆడు అవకాశము దొరకెను. పాఠశాల తలుపు మూయలేదు. మఱియొక తలుపు తెఱచినది. వెళ్లగొట్టుటకును, తగినచోట ఉంచుటకును గల భేదమును తల్లిదండ్రులు గమనింపవలెను.

అనంతరము జోర్డాన్ ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయమున డీన్ స్మిత్ అను శిక్షకుని జట్టులో చేరెను. 1961 మొదలు 1997 వఱకు ఆ పదవినుండిన స్మిత్ చిన్నచిన్న యాచారములతో జట్టును నిర్మించెను. బుట్టలో బంతి వేసినవాడు, తనకు బంతి నందించినవానివైపు వ్రేలు చూపవలెను. చూచువారు చప్పట్లు కొట్టునది వేసినవానికే గదా. ఆ వ్రేలు ఆ చప్పట్లలో సగమును ఇచ్చినవానికి పంచును. అలసినవాడు పిడికిలి యెత్తిచూపిన వెంటనే వానికి విశ్రాంతి. తేఱుకొన్న పిదప మరల ఆటలో ప్రవేశించుటకు వానికే అధికారము. అలసట దాచుకొనుట శౌర్యము కాదనియు, చెప్పుకొనుట జట్టునకు మేలనియు దీనివలన బాలురు నేర్చుకొనిరి. ఇట్టి జట్టున పెరిగిన జోర్డాన్, మొదటి సంవత్సరపు విద్యార్థిగానే, 1982లో విశ్వవిద్యాలయముల జాతీయ పోటీ చివరియాటయందు విజయమునిచ్చిన బంతిని వేసెను. జట్టు గెలుపు 63–62. ఒక్క అంకెయే తేడా.

మఱియొక దేశమునకు పోదము. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా కలదు. అచ్చట అందఱికిని ప్రాణము ఫుట్‌బాలు. కాని బాహియా బ్లాంకా అను రేవుపట్టణమున మాత్రము బాస్కెట్‌బాలునకు గొప్ప ఆదరము. ఆ యూరిలో పేటకొక క్రీడాసంఘము. ధనికులు లాభమునకై నడపునవి కావు. ఇరుగుపొరుగు కుటుంబములు కూడి నడుపుకొనునవి. పిల్లలు సాయంకాలము అచ్చటికి చేరుదురు. తండ్రులు శిక్షణకును నిర్వహణమునకును పూనుకొందురు. మనూ జినోబిలీ అట్టి యొక సంఘమున పెరిగినవాడు. తండ్రి ఆ సంఘపు పెద్దలలో నొకడు. అన్నలిద్దఱు ముందుగనే క్రీడాకారులు. బాల్యమున ఇతడు పొట్టిగా, సన్నముగా నుండి, తాను ఎదుగుదునో లేదో యని బెంగపడుచుండెను. అయినను వానిని ఎవరును విసర్జింపలేదు. అది తనవారి జట్టు గనుక వాడు ఎదుగువఱకు ఓపికపట్టినది.

2004 ఏథెన్సు ఒలింపిక్సున అర్జెంటీనా జట్టు మొదటి ఆటను సెర్బియా-మాంటెనీగ్రో జట్టుతో ఆడెను. చివరి క్షణములలో ఒక్క అంకె వెనుకబడియుండగా, అలెహాంద్రో మాంటెక్కియా బంతి నందించెను. జినోబిలీ నేలకొరగుచు దానిని బుట్టలోనికి విసరెను. 83–82. ఇచ్చినవాడును వేసినవాడును ఒక్క పట్టణమువారే! ఆ జట్టులోని పెపే సాంచెజ్ కూడ ఆ యూరివాడే. ఆ పోటీలోనే అర్జెంటీనా అమెరికాను 89–81తో నోడించి, చివర ఇటలీని 84–69తో గెలిచి స్వర్ణపతకము నందుకొనెను. అమెరికాపక్షమున పేరుమోసిన వృత్తిక్రీడాకారులుండిరి. కాని వారు కొలదివారముల క్రితము కూడినవారు. వీరో, బాల్యమునుండి ఒకరి యడుగు నొక రెఱిగినవారు. వ్యాకరణ విద్యార్థులకు నేనొక మాట చెప్పెడివాడను: వాక్యమున పదములన్నియు గొప్పవైనను అన్వయము కుదురనిచో అర్థము పుట్టదు. అమెరికావారికి ఆనాడు పదములున్నవి, అన్వయము లేదు.

ఇక శిక్షకుని మాట. జట్టు వాతావరణమును కల్పించువాడు ముఖ్యముగా అతడే. జాన్ వుడెన్ అను మహనీయుని పేరు ఇచ్చట స్మరింపదగును. ఆయన మొదట పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడు. 1948 మొదలు 1975 వఱకు లాస్ ఏంజెల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు జట్టునకు శిక్షకుడుగా నుండి, చివరి పన్నెండు సంవత్సరములలో 10 మారులు జాతీయ విజేతగా నిలిపెను. దేశమున పేరుపొందిన యువకులు ఆయన యొద్దకు చేరినపుడు, మొదటిదినమున ఆయన నేర్పెడి పాఠమేదియో తెలియునా? మేజోళ్లు ముడుతలు లేకుండ తొడుగుకొనుట, బూట్లు బిగువుగా కట్టుకొనుట! ముడుత పడిన పాదము బొబ్బలెక్కును; బొబ్బలెక్కినవాడు అభ్యాసమునకు రాలేడు. ఎంతటి ప్రతిభావంతుడైనను ఓనమాలతో మొదలిడవలెనని ఆయన నియమము.

రోలండ్ థార్ప్, రొనాల్డ్ గల్లిమోర్ అను విద్యాశాస్త్రజ్ఞులు 1974-75లో ఆయన అభ్యాసములకు వెళ్లి, ఆయన పలికిన ప్రతి మాటను లెక్కించిరి. నూటికి సుమారు 75 మాటలు, ఏమి చేయవలెను, ఎట్లు చేయవలెను అని తెలుపునవి. ప్రశంస నూటికి 7. నింద కూడ ఇంచుమించు అంతియే. పొగడ్తల వానయు లేదు, తిట్ల పిడుగులును లేవు. తప్పు జరిగినచో, సరియైన తీరు చేసి చూపును. బాలుడు చేసిన తీరును అనుకరించును. మరల సరియైన తీరు చూపును. అంతయు కొలది క్షణములలో ముగియును. బడిపంతుళ్లలో ఉత్తములు చేయునదియు ఇదియే గదా.

దీనికి విపరీతముగా నడచు క్రీడాస్థలములు లేకపోలేదు. ఒక పొరపాటునకు బాలుని నలుగురిలో ఎగతాళిచేయుట, ఒకని యోటమిని మఱియొకని గెలుపుతో పోల్చి దెప్పుట, శిక్షగా పరుగెత్తించుట, గెలిచినరోజున ముద్దు, ఓడినరోజున మౌనము. ఇవి బాలుని ఏమిచేయును? ఈ విషయమును అమెరికాలో వాషింగ్‌టన్ విశ్వవిద్యాలయపు మనస్తత్త్వశాస్త్రజ్ఞులు స్మిత్, స్మోల్ అనువారు బహుకాలము పరిశోధించిరి. బాలుర బేస్‌బాలు శిక్షకులు కొందఱికి వారు తర్ఫీదునిచ్చిరి: ప్రయత్నమును మెచ్చుడు, తప్పు చేసినవానికి ధైర్యము చెప్పి, తరువాత దిద్దుడు, దండింపకుడు, నియమములను ముందుగనే తెలుపుడు. 1992లో వెలువడిన ఫలితము వినుడు. తర్ఫీదులేని శిక్షకుల యొద్ద ఆడిన బాలురలో నూటికి 26 మంది మఱుసటి యేడు ఆటను మానివేసిరి. తర్ఫీదుపొందినవారి యొద్ద మానినది నూటికి 5 గురే. గెలుపోటములలో మాత్రము రెండు పక్షములకును భేదము లేదు. 2007లో పదిమొదలు పదునాలుగేండ్ల బాస్కెట్‌బాలు పిల్లలపై చేసిన పరిశోధనయందును, అట్టి శిక్షకుల యొద్ద నున్నవారికి ఆటను గూర్చిన భయము తగ్గినట్లును, ఇతరులకు ఋతువు గడచుకొలది పెరిగినట్లును తేలినది.

మానినవారిలో రేపటి బోగ్స్ ఎవడో, లూయిస్ ఎవడో మన మెట్లు తెలియుదుము? మొలకను త్రొక్కినవాడు ఏ పండు పోగొట్టుకొనెనో ఎఱుగడు.

మఱియొక సంగతి. పిల్లలు చిన్నపెద్దలు కారు. ఎన్.బి.ఏ. వారును, అమెరికా బాస్కెట్‌బాలు సంఘమువారును కలసి ఏర్పఱచిన నియమముల ప్రకారము ఏడెనిమిదేండ్లవారికి బుట్ట 8 అడుగుల యెత్తున, 9 మొదలు 11 ఏండ్లవారికి 9 అడుగుల యెత్తున ఉండవలెను. 12 ఏండ్లు నిండిన పిమ్మటనే 10 అడుగులు. బంతియు చిన్నదే. చిన్నవారందఱికిని ఆటలో సమానకాలము లభింపవలెను. 14 ఏండ్లు వచ్చువఱకు ఒక్క క్రీడకే బాలుని కట్టివేయరాదు. ఈ మాట పతకములకై తొందరపడు తల్లిదండ్రులు చెవినిడవలెను.

ఇంటి సంగతియు జట్టు సంగతిలోనిదే. మన దేశమున వారణాసి నగరపు ఒక కుటుంబమునుండి దివ్య, ప్రశాంతి, ఆకాంక్ష, ప్రతిమ అను నలుగురు అక్కచెల్లెండ్రు భారతదేశపు బాస్కెట్‌బాలు జట్టున ఆడిరి. ప్రశాంతిసింగ్ 2017లో అర్జున పురస్కారమును, 2019లో పద్మశ్రీని పొందెను. అక్క నడచిన త్రోవ చెల్లెలికి సుగమమైనది. ఆడపిల్ల ఆటస్థలమునకు పోవుట తప్పని వాకిట నిలిచి అడ్డగించు ఇల్లయినచో ఆ నలుగురిలో ఒక్కతెయు వెలుగుజూచి యుండదు. మన సోదరీమణులు దీనిని ఆలోచింతురుగాక.

'ఆటవలన చదువు చెడదా?' యని పెద్దలు కొందఱడుగుదురు. హద్దులేని ఆట చదువును చెఱచుట నిజమే; హద్దులేని చదువు ఆరోగ్యమును చెఱచుటయు నిజమే. సాయంకాలమున నియమితమైన యొక గంట, కాలమునకు రాక, మాట వినుట, ఓడిన పక్షముతో చేయి కలుపుట నేర్పు ఆట చదువునకు శత్రువు కాదు.

ఇప్పుడు తీర్మానముల మాట. వయసున పెద్దవాడనను చనువుతో నిస్సంకోచముగా చెప్పెదను, మన్నింపుడు.

మొదటిది స్వర్ణపతకము. దాతల యౌదార్యమునకు నమస్కారము. కాని ఏటేట ఒక్క బాలుని మెడలో పతకము వేసి, తక్కినవారిని చప్పట్లు కొట్టుమనుటవలన జట్టు పెరుగదు. పదిమంది అందించిన బంతి ఒక్కనిదని చాటినట్లగును. ఆ ధనముతో శిక్షణపొందిన వ్యాయామోపాధ్యాయు నొకనిని జీతమిచ్చి నియమింపుడు. పేరు కావలెనన్న ఆ యుద్యోగమునకే దాతగారి పేరు పెట్టుడు. పతకము పెట్టెలో నుండును. ఉపాధ్యాయుడు ఏటేట నలువదిమంది బాలురలో నుండును.

రెండవది ఆవరణము. దానిని తప్పక కట్టింపుడు. చిన్నవారికై యెత్తు తగ్గింపదగిన బుట్టల నమర్పుడు. బాలికలకు ప్రత్యేకముగా ఒక వేళ నేర్పఱుపుడు. కాని 'మన బాలురకే' యను మాటను మాత్రము తీర్మానమునుండి తొలగింపుడని చేతులు జోడించి వేడుచున్నాను.

ఈ మాట కొందఱికి కష్టముగా తోచవచ్చును. 'మన ధనము, మన స్థలము, పరులకేల?' యందురు. కులసంఘము మన పిల్లలను పైకి తెచ్చుటకే యేర్పడినదని నేనును ఎఱుగుదును. ఆ ప్రయోజనమునకే ఇది చెప్పుచున్నాను. వసతిగృహమున ఆడదగిన వయసుగల బాలురు కొలదిమంది. ఎప్పుడును వారిలో వారే ఆడినచో ఎవని యెత్తుగడ ఎట్టిదో అందఱికి తెలిసియే యుండును. ఎదిరింపు లేనిచోట ఎదుగుదల లేదు. లూయిస్‌ను తీర్చినది అభ్యాసమున ఎదిరించిన అయిదుగురని విన్నారు గదా. మన బాలుర నట్లు తీర్చు అయిదుగురు మన వీథిచివర వేఱొక పేటలో నున్నారేమో! డీన్ స్మిత్ 1960 దశకమున, వర్ణద్వేషము ప్రబలియున్న కాలమున, చార్లీ స్కాట్ అను నల్లజాతి యువకుని తన జట్టున చేర్చుకొనెను. ఆ విశ్వవిద్యాలయమున క్రీడావిద్యార్థి వేతనము పొందిన మొదటి నల్లజాతీయు డతడే. స్కాట్ బలముతో ఆ జట్టు 1968, 1969 సంవత్సరములలో జాతీయపోటీల తుది నలుగురిలో నిలిచెను. తలుపు తెఱచుటవలన ఆ జట్టు ఏమియు కోలుపోలేదు.

ఇంకొక మాట. రేపు మన బాలుడు ఉద్యోగమునకు పోవునపుడు ప్రక్కనున్నవాని కులమడిగి బంతి నందించునా? పదునాఱేండ్ల వయసున ఎవని చేతినుండియైనను బంతి నందుకొనుటయు, ఎవనికైనను అందించుటయు అలవడినవాడు, నలువదియేండ్ల వయసున కార్యాలయమునను, కర్మాగారమునను పదిమందితో పనిచేయగలడు. సమాసమున పదములు తమ విభక్తులను విడిచి యొక్కటియగును. విడిచినంతమాత్రమున ఏ పదమును తన అర్థమును కోలుపోదు. ఇతరులతో కలిసి ఆడినంతమాత్రమున మన బాలుడు మనవాడు కాకపోడు.

ఆడిన పిమ్మట బాలురందఱును ఒక్క వరుసను కూర్చుండి ఫలాహారము చేయు ఏర్పాటును కూడ కార్యవర్గమువారు చేసినచో, ఆ వరుస ఆవరణమంతటి పాఠము నేర్పును. దానికి వలయు బియ్యము నిచ్చుటకు ఒక సభ్యుడు ఇదివఱకే నాతో మాటయిచ్చినాడు. పేరు చెప్పవలదన్నాడు గనుక చెప్పను.

బాంధవులారా! మన పిల్లలలో ఎందఱు పొడవరులగుదురో దైవమెఱుగును. వారిలో ఒక్కడైనను జాతీయజట్టున ఆడునో లేదో నేను చెప్పజాలను. కాని బెంచిపై కూర్చున్నపుడు ఓర్పును, పిలుపు వచ్చినపుడు సంసిద్ధతయు, బంతి నందిన క్షణమున ఇచ్చినవానిని మఱవకుండుటయు నేర్చిన బాలురు నలువదిమంది ఏటేట ఈ ప్రాంగణమునుండి వెడలుట మన చేతిలోని పని. ఆ పనికి తగిన తీర్మానమును రేపు మీరు గావింతురని నమ్ముచున్నాను.

శుభం భూయాత్.